ఏడ్వవద్దన్న కవి – ఏడ్చిన ప్రభువు



మీలో కొందరి భర్తలు కువైట్‌లోనో దుబాయ్‌లోనో పని చేస్తున్నారు. మరికొందరి ఆత్మీయులు ఉత్తరము గాని ఫోను గాని అందని చోటికి వెళ్ళిపోయారు. ఈ ఉదయము ఎడబాటును గూర్చి మాట్లాడుకుందాము.

ముందుగా నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. సెమినరీ చదువు ముగించి సంఘసేవలోకి వచ్చిన కొత్తలో ఒక భూస్థాపన కార్యక్రమము జరిగించాను. సమాధి ప్రక్కన కూలబడి ఏడుస్తున్న సహోదరితో, “అమ్మా, మీరు విశ్వాసులు గదా, ఏడ్వకూడదు” అన్నాను. ఆమె కొంగు నోటికి అడ్డము పెట్టుకొని, “అలాగేనండి అయ్యగారూ” అన్నది. గొప్ప ఆదరణ చెప్పాననుకొని ఇంటికి వచ్చాను. అది ఆదరణ కాదని తెలుసుకోవడానికి నాకు చాలా ఏండ్లు పట్టింది. ఆ సంగతి నాకు నేర్పినవారిలో నాలుగు వందల ఏండ్ల క్రిందటి ఒక ఇంగ్లాండు బోధకుడు ఉన్నాడు. ఆయన పేరు జాన్ డన్.

డన్ 1572లో లండనులో పుట్టాడు. ఆ కాలపు కొందరు కవులను తరువాతివారు మెటాఫిజికల్ కవులని పిలిచారు. ప్రేమను గూర్చి, దేవుని గూర్చి చెప్పడానికి వారు పువ్వులను, వెన్నెలను వదిలి పటములను, గణిత పరికరములను, కంసాలి పనిని పోలికలుగా తెచ్చేవారు. 18వ శతాబ్దములో సామ్యూల్ జాన్సన్ ఆ పేరును ప్రచారములోకి తెచ్చాడు. అది మెప్పుతో పెట్టిన పేరు కాదు. వీరు తెలివి చూపించడానికే వ్రాశారన్నది ఆయన ఫిర్యాదు. డన్ విషయములో ఆ మాట ఎంతవరకు నిజమో అతని జీవితమే చెప్పాలి.

యౌవనములో డన్ సర్ థామస్ ఎగర్టన్ అనే ఉన్నతాధికారి దగ్గర కార్యదర్శి. మంచి ఉద్యోగము, ముందు మంచి భవిష్యత్తు. ఆ ఇంటివారి బంధువుల అమ్మాయి ఆన్ మోర్‌ను ప్రేమించి, 1601 డిసెంబరులో రహస్యముగా పెండ్లాడాడు. ఆమెకు సుమారు 17 ఏండ్లు. పెద్దలకు చెప్పకుండా చేసిన ఆ పనిని నేను మెచ్చుకోవడము లేదు. రెండు నెలల తరువాత సంగతి తెలిసి ఆమె తండ్రి సర్ జార్జ్ మోర్ మండిపడ్డాడు. డన్‌ను జైలులో వేయించాడు. పెండ్లి జరిపించిన పాదిరి, సాక్షిగా నిలిచిన స్నేహితుడు కూడా జైలుకు వెళ్ళారు. 1602 ఏప్రిల్‌లో న్యాయస్థానము ఆ వివాహము చెల్లుతుందని తీర్పు చెప్పింది. భార్య దక్కింది గాని ఉద్యోగము పోయింది. ఆ తరువాత పన్నెండు ఏండ్లకు పైగా అతనికి స్థిరమైన పని దొరకలేదు. ఇంటి నిండా పిల్లలు, ఎప్పుడూ అప్పులు, జబ్బులు.

1611 చివర ఒక ధనవంతుడు డన్‌ను తనతో ఫ్రాన్సుకు రమ్మన్నాడు. ఆన్ అప్పుడు గర్భవతి. ఆమెకు వెళ్ళనివ్వాలని లేదు. అయినా అతడు వెళ్ళాడు. ఎడబాటులో ఏడ్వవద్దని భార్యకు చెప్పే ప్రసిద్ధ కవిత ఆ ప్రయాణమప్పుడే వ్రాశాడని అతని జీవితచరిత్రకారుడు ఐజాక్ వాల్టన్ అంటాడు. నీతిమంతులు నిమ్మళముగా ప్రాణము విడిచే దృశ్యముతో అది మొదలవుతుంది. మనము కూడా అంత నిశ్శబ్దముగా విడిపోదామంటాడు. బంగారమును సాగగొడితే తెగకుండా పలుచని రేకవుతుంది గదా, మన ప్రేమ అలాంటిదంటాడు. చివరికి పిల్లలు వృత్తము గీసే కంపాస్‌ను చూపిస్తాడు. ఒక కాలు మధ్యలో నిలిచి ఉంటుంది, రెండవది దూరముగా తిరుగుతుంది. తిరిగే కాలు దూరమయ్యే కొద్దీ నిలిచిన కాలు అటు వంగుతుంది. అది తిరిగి వచ్చినప్పుడు ఇదీ నిటారుగా నిలబడుతుంది. ఇంటి దగ్గర ఉండే భార్య ఆ నిలిచిన కాలు. అందుకే వెళ్ళినవాడు దారి తప్పకుండా మొదలుపెట్టిన చోటికే వస్తాడు.

ఎంత చక్కని పోలిక! కాని ఇంటి దగ్గర ఏమి జరిగింది? 1612 జనవరిలో ఆన్‌కు చనిపోయిన బిడ్డ పుట్టింది. జుట్టు విరబోసుకొని, చనిపోయిన బిడ్డను ఎత్తుకొని గదిలో నడుస్తున్న భార్యను డన్ పారిసులో దర్శనముగా చూశాడని వాల్టన్ 1675 నాటి ప్రతిలో వ్రాశాడు. పండితులు దానిని నమ్మరు, మిమ్మును నమ్మమని నేనూ చెప్పను. అయితే బిడ్డ పోయిన మాట, డన్ పరదేశములో ఇంటి కబురు అందక ఆందోళనపడిన మాట వాస్తవము. ఏడ్వవద్దన్న కవిత ఒడ్డు ఇవతల ఉంది, బిడ్డ సమాధి ఒడ్డు అవతల ఉంది.

డన్ 1615లో అభిషేకము పొంది బోధకుడయ్యాడు. ఇక కష్టములు గట్టెక్కాయనుకునే వేళ, 1617 ఆగస్టు 15న ఆన్ చనిపోయింది. పన్నెండవ కాన్పు, ఆ బిడ్డ కూడా దక్కలేదు. తల్లి వయస్సు 33. ఆమె సమాధిపై వేయించడానికి డన్ లాటిన్‌లో ఒక శాసనము వ్రాశాడు. అందులో కంపాస్ పోలిక లేదు. దుఃఖముతో మూగవాడై పసివానివలె అయ్యానని ఉంది. తన బూడిద ఆమె బూడిదతో కొత్తగా పెండ్లాడుతుందన్న మాట ఉంది. ఆ మాట కూడా నెరవేరలేదు. ఆమె సెయింట్ క్లెమెంట్ డేన్స్ ఆలయములో ఉంది. 1631లో చనిపోయిన అతనిని సెయింట్ పాల్స్ కెథీడ్రల్‌లో సమాధి చేశారు. సమాధులు కూడా వేరైపోయాయి.

ఇప్పుడు శ్రద్ధగా వినండి. భార్య పోయిన ఆరవ ఏట, 1623లో, లెంట్ దినముల మొదటి శుక్రవారము, డన్ వైట్‌హాల్ రాజభవనములో ప్రసంగించాడు. అప్పటికి అతడు సెయింట్ పాల్స్ డీన్. వాక్యభాగము యోహాను సువార్త 11వ అధ్యాయములోని మిక్కిలి చిన్న వచనము, లాజరు సమాధి దగ్గర ప్రభువు కన్నీరు విడిచిన వచనము! ప్రభువు మూడుసార్లు ఏడ్చాడని డన్ బోధించాడు. లాజరు కొరకు మానవునిగా, యెరూషలేము పట్టణమును చూచి ప్రవక్తగా, తన శ్రమలలో ప్రధానయాజకునిగా. కొద్ది నిమిషములలో లాజరును లేపబోతున్నానని ఎరిగి కూడా ఆయన ఏడ్చాడు. నిరీక్షణ ఉన్నవానికి కన్నీరు ఉండకూడదని ఎవరు చెప్పారు?

భార్యకు ఏడ్వవద్దని చెప్పిన కవి, ప్రభువు ఏడ్చాడని చెప్పే బోధకుడయ్యాడు. మధ్యలో ఒక సమాధి ఉంది. కవిత అబద్ధమని నేను అనడము లేదు. ప్రేమ సాగుతుంది, తెగదు, అది నిజమే. కాని ఆ నిజమును మోయడానికి మనిషి తెలివి చాలదు. వెళ్ళినవాడు తిరిగి వస్తాడనే నమ్మకము మీద కంపాస్ పోలిక నిలిచింది. రానివారి సంగతి ఏమిటి? అక్కడ మనలను పట్టుకొనేది మన ప్రేమ కాదు, మృతులను లేపే దేవుని ప్రేమ. థెస్సలొనీకయులకు వ్రాసినప్పుడు పౌలు దుఃఖమును నిషేధించలేదు. ఆశ లేని దుఃఖమును మాత్రమే వద్దన్నాడు.

చనిపోకముందు డన్ ప్రేతవస్త్రము చుట్టుకొని బొమ్మ గీయించుకున్నాడు. దానిని బట్టి చెక్కిన పాలరాతి విగ్రహము 1666 నాటి లండను అగ్నిప్రమాదమును తప్పించుకొని నేటికీ సెయింట్ పాల్స్‌లో ఉంది. అది పడుకొని ఉన్న శవము కాదు. ప్రేతవస్త్రముతోనే నిలబడి ఉన్న మనిషి, పునరుత్థాన దినమున లేస్తున్నట్టు.

ఆ సహోదరి ఈ మాటలు వింటుంటే, అమ్మా, నన్ను క్షమించండి. ఆ రోజు మీరు ఏడ్వవలసింది. మీ ప్రక్కన నేనూ ఏడ్వవలసింది.

ఎడబాటులో ఉన్న ప్రతి ఇంటిని ప్రభువు ఆదరించును గాక. ఆమేన్.