తడఁబడు పలుకు



విశాఖపట్టణమున పెద్దాసుపత్రి నెఱుఁగనివారుండరు. 1923లోఁ దెఱవఁబడిన యా వైద్యశాలకు నాఁటి చక్రవర్తి యైదవ జార్జి పేరు పెట్టిరి. నేను చెప్పఁబూనినది యాయన రెండవ కుమారుఁడు ఆఱవ జార్జి సంగతి. పాత పెట్టెలలో నేఁటికిని దొరకు 1940 ప్రాంతపు రూపాయిపై నున్న ముఖమాయనదే. ఎన్నో దేశములపై నాజ్ఞ చెల్లినను, ఆయన నాలుక మాత్రమాయన చెప్పినట్లు వినలేదు. బాల్యమునుండియు నత్తి.

నత్తిని జూచి నవ్వుట లోకమున వాడుక. మన ప్రాచీన వైద్యులు నవ్వలేదు. సుశ్రుతుఁడు నిదానస్థానమున మూఁగతనమును, గద్గదమును నొకచోటనే పేర్కొని, కఫముతోఁ గూడిన వాయువు శబ్దమును వహించు నాళములను గప్పుటయే కారణమనెను. ఆ కారణము నేఁడు నిలువకపోవచ్చును. కాని యాయన దానిని దేహమునకు వచ్చిన రోగమనెనేగాని బుద్ధికి వచ్చిన లోపమనలేదు. శిక్షాశాస్త్రమున వర్ణము, స్వరము, మాత్ర, బలము, సామము, సంతానమని యాఱింటిని మేము వల్లించితిమి. సంతానమనఁగా వర్ణములు తెంపులేక కూడి సాఁగుట. నత్తిగలవానికిఁ గొఱవడునది యిదియొక్కటే. చెప్పవలసిన మాట వానికిఁ దెలియును. అది వాకిటికి వచ్చి గడప దాఁటదు. ఇండ్లలో శిశువుల నాలుకకు వస రాయుదురు. దానివలన వసపిట్టయను మాట మనకు మిగిలెను. నత్తి కుదిరిన వానిని మాత్రము నేనెఱుఁగను.

పిల్లలలో నూటికైదుగురికి వచ్చినను పెక్కండ్రకుఁ దానంతటఁ బోవును. పెద్దలలో నూటికొకరికి నిలుచును, అందును పురుషులే యెక్కువ. భయము దానిని బుట్టింపదు, పెంచును. విచిత్రమేమనఁగా, పదుగురితోఁ గలసి వల్లించునపుడును, పాడునపుడును నత్తి దాదాపు కానరాదు. బడిలో పద్యములు చదివించిన ప్రతి పంతులును దీని నెఱుఁగును.

ఆఱవ జార్జి రాజు కాకమునుపు, 1925 అక్టోబరు 31వ తేదీన, లండను చెంత వెంబ్లీ ప్రదర్శనపు ముగింపు సభలో మాటలాడుచు వేలజనుల యెదుటఁ దడఁబడెను. మఱుసటియేఁట లయొనెల్ లోగ్ అను ఆస్ట్రేలియా దేశస్థునాశ్రయించెను. అతనికి వైద్యపట్టము లేదు. ఉచ్చారణము నేర్పు గురువు. ఊపిరిని నిలుకడగా నడపుటయు, ఎచట నాఁగవలెనో ముందే గుర్తిడుకొనుటయు నేర్పెను. 1939 సెప్టెంబరు 3వ తేదీన యుద్ధవార్తను రాజు రేడియోలో జెప్పినపుడు లోగ్ ప్రక్కనే నిలిచియుండెను. ఆ ప్రసంగము నిలిచి నిలిచి సాఁగెను. వినినవారికది గాంభీర్యముగఁ దోఁచెను. 1952లో మరణించువఱకును నత్తి పూర్తిగ వదలలేదు.

రాజునకు ప్రక్కన గురువుండెను. మన విశాఖ ఉక్కు కర్మాగారమునఁ బనిచేయు నా పూర్వశిష్యునకెవరుండిరి? "పంతులుగారూ, ఒక మాట రాకున్న నింకొకటి వెదకుకొందును. నా పేరునకు బదులు పేరెక్కడ దెత్తును?" అని యొకనాఁడు నన్నడిగెను. తొలుత నొక కార్యాలయమున నుద్యోగమునకుఁ బోయినపుడు, పేరడిగిన యధికారి మొదటి యక్షరముకడనే నవ్వి, మిగిలినది తానే తప్పుగాఁ బూరించి పంపివేసెనఁట. అటుపిమ్మట క్రేను క్రింద చేసన్నలతో బరువులు దింపించు ఖలాసీ పని నేర్చెను. ఆ పనిలో నాతఁడు మేటి. ఏండ్లతరబడి చేతులతోనే కాలము గడపెను.

ఇప్పుడు క్రొత్తవారికి పని నేర్పు బాధ్యత యాతనిపైఁ బడినది. ఉదయమున వారియెదుట నిలిచి, "నాకు నత్తి యున్నది, కొంచెమాలస్యమగును," అని ముందుగాఁ జెప్పి, ఎంతసేపైనను దన పేరు తానే పూర్తిచేయుచున్నాఁడు.