కండెలో చుట్టిన పనులు



పదవీ విరమణ చేసిన కొత్తలో ఒక పాఠశాలవారు కోరగా పదవ తరగతి తెలుగు ప్రశ్నపత్రం కూర్చి ఇచ్చాను. అక్కడి కంప్యూటరులో ప్రింట్ మీట నొక్కితే కాగితం రాలేదు. ఓపిక చాలక ఏడుసార్లు నొక్కాను. యంత్రంలో కాగితాలు లేవని అటెండరు గమనించి పెట్టగానే, 4 పుటల పత్రం ఏడు ప్రతులుగా ధారాపాతంగా వెలువడింది. ఆపడమెలాగో నాకు తెలియదు. ఒక ప్రతి ఉంచుకొని, మిగిలిన 24 కాగితాలను పిల్లల కంటబడకుండా తగులబెట్టవలసివచ్చింది. యంత్రం దోషమేమీ లేదు. చెప్పిన పనులన్నీ వరుసలో పెట్టుకొంది. ఆ వరుస నా కంటికి కనబడలేదు, అంతే.

ఇలా పనులను దాచిపెట్టడాన్ని స్పూలింగ్ అంటారు. స్పూలంటే నూలు చుట్టే కండె. కంప్యూటరు వేగం ఎక్కువ, అచ్చుయంత్రం నిదానం. కనుక పనులను డిస్కుమీద చుట్టిపెట్టి ఒక్కొక్కటిగా వదులుతారు. బర్కిలీ యూనిక్సులో దీనికి మూడు ఆజ్ఞలుండేవి: పంపడానికి ఎల్‌పీఆర్, వరుస చూడడానికి ఎల్‌పీక్యూ, తొలగించడానికి ఎల్‌పీఆర్‌ఎం. వాటిని కంఠస్థం చేసినవారికే ఆ వరుసపై అధికారం.

వరుస కనబడకపోతే ఏమవుతుందో అమెరికాలోని ఎమ్ఐటీ కృత్రిమ మేధ ప్రయోగశాల ఎరుగును. అక్కడి పాత యంత్రంలో కాగితం ఇరుక్కుంటే, ఎదురుచూసేవారి తెరలపై కబురు కనిపించేలా రిచర్డ్ స్టాల్‌మన్ ప్రోగ్రామును సవరించారు. 1980 ప్రాంతంలో జిరాక్స్ సంస్థ కొత్త లేజర్ యంత్రాన్ని కానుకగా ఇచ్చింది గాని, దాని ప్రోగ్రాము మూలపాఠం ఇవ్వలేదు. సవరించే వీలు పోయింది. ఆయన 1983లో ప్రకటించిన గ్నూ ప్రణాళికకు బీజాలలో ఈ ఉదంతమొకటి.

తరువాత ఆజ్ఞల స్థానంలో బొమ్మల కిటికీలు వచ్చాయి. 1992 నాటి విండోస్ 3.1లో ప్రింట్ మేనేజర్ పనుల పట్టికను చూపి, నిలపడానికీ తొలగించడానికీ మీటలిచ్చింది. లినక్సు లోకానికి మైకేల్ స్వీట్ రూపొందించిన కప్స్ 1999లో అందింది. దానిపై కేడీఈ 2.2 వారు 2001లో కేప్రింటర్‌ను నిలిపారు. ఇతర ప్రోగ్రాములలో ఎల్‌పీఆర్ అని ఉన్నచోట కేప్రింటర్ అని వ్రాస్తే చాలు, యంత్రం, ప్రతులు, పుటలు ఎంచుకొనే కిటికీ తెరుచుకొనేది. పంపిన పనిని ఆపవచ్చు, మరో యంత్రానికి మళ్ళించవచ్చు, రద్దు చేయవచ్చు. 2008లో వచ్చిన కేడీఈ 4లో అది కనుమరుగైంది. కప్స్ మాత్రం 2002లోనే ఆపిల్ మాక్ వ్యవస్థలో చేరి నేటికీ నిలిచింది.

ముద్రించే సామర్థ్యం ఆజ్ఞల కాలంలోనూ ఉంది. పంపిన పని ఎక్కడున్నదో చూసి, పొరపాటైతే వెనక్కు పిలుచుకొనే అధికారాన్ని నావంటి సామాన్యునికి ఇచ్చినవి ఈ కిటికీలే. ఇప్పుడు కాగితం ఆలస్యమైతే రెండోసారి మీట నొక్కను. ముందు వరుస తెరిచి చూస్తాను.