జ్వరం గోలీ వెనక వూహాన్

2020 ఏప్రిల్‌లో మా నాన్నకి ఒళ్లు కాస్త వెచ్చబడితే మా వీధి చివర మెడికల్ షాపుకి పరిగెత్తాను. పారాసిటమాల్ అడిగితే షాపతను ముందు నా పేరు, ఫోన్ నంబర్, అడ్రస్ రాసుకున్నాడు. తర్వాత ఒక్క స్ట్రిప్ చేతిలో పెట్టి, "ఇంకోటి అడక్కు తమ్ముడూ" అన్నాడు. పేర్లు రాసుకోమన్నది ప్రభుత్వమే, జ్వరం ఎవరికుందో తెలియడానికి. అది సరే. కానీ హైదరాబాద్‌లో ఉండి జ్వరం గోలీకి కరువేంటి? మందుల తయారీకి రాజధాని మనదే అని చిన్నప్పట్నుంచీ వింటున్నాం కదా! ఆ డౌట్ పట్టుకుని వెనక్కి వెళ్తే 1961 దగ్గర తేలాను.

ఆ ఏడాది కేంద్రం సోవియట్ సాయంతో ఐడీపీఎల్ పెట్టింది. యాంటీబయాటిక్స్‌కి రిషీకేశ్, సింథటిక్ మందులకి హైదరాబాద్. ఇప్పుడు బాలానగర్ వైపు వెళ్లే చాలామందికి ఐడీపీఎల్ అంటే ఒక బస్టాప్ పేరు, అంతే. ఇక్కడి కెమిస్టులకి మాత్రం అదో పెద్ద బడి. 1984లో డాక్టర్ రెడ్డీస్ మొదలుపెట్టిన అంజిరెడ్డి గారు కూడా అక్కడ పనిచేసినవారే. 1972లో అమల్లోకి వచ్చిన పేటెంట్ చట్టం ఇంకో మేలు చేసింది. మందుకి కాదు, దాన్ని తయారుచేసే పద్ధతికే పేటెంట్. వేరే పద్ధతి కనిపెడితే అదే మందు మనమూ చేసుకోవచ్చు. మనవాళ్లు దూసుకుపోయారు.

మరి ఎక్కడ తేడా కొట్టింది? గోలీ వెనక ఒక పొడి ఉంటుంది, అసలు మందు అదే. దాన్నే ఏపీఐ అంటారు. ఆ పొడి వెనక ఇంకో రసాయనం. పారాసిటమాల్‌కైతే పారా అమినో ఫినాల్. 1990ల నుంచి చైనా ఇవన్నీ భారీ ఫ్యాక్టరీల్లో చవగ్గా చేసి పంపడం మొదలుపెట్టింది. పెన్సిలిన్ జీ అయితే మనం తయారుచేయడమే మానేశాం. చవగ్గా దొరికేది కొనుక్కున్న ఏ ఒక్క కంపెనీ లెక్కా తప్పు కాదు. అందరి లెక్కలూ కలిపితేనే దేశానికి బొక్క పడింది. 2020 నాటికి మనం దిగుమతి చేసుకునే ఏపీఐల్లో దాదాపు మూడింట రెండొంతులు చైనావే.

జనవరి 23న వూహాన్‌కి తాళం పడింది. వూహాన్ ఉన్న హుబే రాష్ట్రంలో మందుల రసాయనాల ఫ్యాక్టరీలు బోలెడు. ఫిబ్రవరిలో ఇక్కడ పారాసిటమాల్ పొడి ధర 40 శాతం పెరిగిందని వార్తలొచ్చాయి. మార్చి 3న మన ప్రభుత్వం పారాసిటమాల్‌తో సహా 26 రకాల ఏపీఐలు, మందుల ఎగుమతికి బ్రేకేసింది. అక్కడ ఒక తాళం, దాని మీద ఇక్కడ ఇంకో తాళం. మన మందులమీద ఆధారపడ్డ దేశాలకి గొంతులో వెలక్కాయ పడింది. ఏప్రిల్ 4న హైడ్రాక్సీక్లోరోక్విన్ ఎగుమతి పూర్తిగా ఆపితే, ట్రంప్ ప్రతీకారం మాటెత్తాడు. మూడు రోజుల్లో మనవాళ్లు సడలించారు. (ఆ మందు కోవిడ్‌కి పనిచేయదని తర్వాత తేలింది, అది వేరే కథ.)

ఆ మార్చిలోనే కేంద్ర కేబినెట్ ఈ ముడి రసాయనాలు ఇక్కడే చేయించడానికి 6,940 కోట్ల రూపాయల పథకానికి ఓకే చెప్పింది. దాని కిందే 2024లో కాకినాడ దగ్గర పెన్సిలిన్ జీ తయారీ మళ్లీ మొదలైంది. చైనా ధరతో పోటీ మాత్రం అంత తేలిక కాదు. ఆ ప్లాంట్ గురించి విడిగా ఒక ఎపిసోడ్ చేస్తాను. ఉంటాను మరి.