లాంగ్‌వుడ్ తోటలోని వాడని పూవు

అట్లాంటిక్ మహాసముద్రమధ్యమున, ఆఫ్రికా పశ్చిమతీరమునకు దాదాపు 1,900 కిలోమీటర్ల దూరమున నొంటిగా నిలిచిన సెంట్ హెలీనా ద్వీపములో, ఎండిన కొండచరియల వెంబడి ఎవరును నాటకయే పూచు పసుపుపచ్చని పూవొకటి కలదు. ద్వీపవాసులు దానిని ‘ఎవర్‌లాస్టింగ్’, అనగా వాడనిది, అందురు. చేమంతి కుటుంబమునకు చెందిన యీ మొక్క పుట్టినిల్లు ఆస్ట్రేలియా.

1815లో బందీగా అచటికి గొనిరాబడిన నెపోలియను, తన తుదికాలమున ఉషస్సుననే లేచి, గడ్డిటోపీ ధరించి, పరివారమునెల్ల పలుగు పారలతో తన నివాసమైన లాంగ్‌వుడ్ తోటపనికి దింపెను. ఆయనకు గ్రంథములను, ఫలములను పంపుచుండిన ఇంగ్లండు దొరసాని లేడీ హాలండే ఈ పూవు విత్తనములను గూడ పంపెనని జనశ్రుతి. ఆ మాట నా మనస్సునకు హత్తుకొనుటకు కారణము కలదు: 1803లో వాంత్‌నా యను ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు ఈ జాతిని తొలిసారి వర్ణించినది, నెపోలియను భార్య జోసెఫీను పెంచిన మాల్మేజన్ తోటను గూర్చిన గ్రంథమునందే. విడిచిపుచ్చిన యా యిల్లాలి మరణవార్తను ఆయన 1814లో ఎల్బా ద్వీపమున వినెను.

మనము రేకులని భ్రమించునవి ఈ పూవునందు రేకులు గావు. పూగుత్తిని చుట్టియుండు పొట్టువంటి పత్రకములు. పూవు విచ్చునాటికే వాని కణములు నిర్జీవములై బిరుసెక్కియుండును, ఇక వాడుటకేమున్నది? అయినను మంచు కురిసినపుడు పత్రకముల వెలుపలి వైపు తేమను పీల్చి ఉబ్బుటచే అవి లోనికి ముడుచుకొని, ఎండ కాయగానే మరల విచ్చుకొనును. కోసి, ఆరగట్టి, నెలలు గడచిన పిదపను ఈ కదలిక నిలువదు. ప్రాణము లేని దేహమున ఋతుజ్ఞానము నిలిచినట్లు తోచును.

గింజలకు నూగుకుచ్చులుండుటచే వానిని గాలి మోసికొనిపోవును. 1821 మే 5న నెపోలియను మరణించెను. 1840లో ఆయన భౌతికకాయము ఫ్రాన్సునకు తరలిపోయెను. పూవు మాత్రము కంచె దాటి కొండలెక్కి ద్వీపమున స్థిరపడెను.

దాని సొగసునకు ముగ్ధుడనయ్యు, అచటి యాదిమవృక్షములను తలచిన నా మనస్సు కలతపడును. మనకు చేమంతి యనగా పెరటి మొక్క. ఆ ద్వీపమున మాత్రము చేమంతి కుటుంబమే వృక్షములై పెరిగెను. 1502లో పోర్చుగీసువారు కనుగొన్న పిదప విడువబడిన మేకలు లేత మొలకలను మేయగా, మనుష్యులు వంటచెఱకునకై మానులను నరకగా, లాంగ్‌వుడ్ ప్రాంతమును కప్పియుండిన గమ్‌వుడ్ మహారణ్యము నశించెను. నాటకయే వ్యాపించిన యీ పూవునకు జ్ఞాతియైన గమ్‌వుడ్‌ను, 2000వ సంవత్సరము మొదలుకొని ద్వీపవాసులు అదే లాంగ్‌వుడ్ చెంత ఒక్కొక్క మొక్కగా చేతులార నాటుచున్నారు.