ఎవరి 'అయితే' ఎవరికి?

గద్వాల, వనపర్తి అంటే పండితులకు సంస్థానాలే యాదికొస్తయి. గద్వాలను 'విద్వద్గద్వాల' అన్నరు. తిరుపతి వేంకట కవులు ఈ సంస్థానాల్లో అవధానాలు చేసి సన్మానాలు పొందిండ్రు. ఆ కోటల నీడలోనే మా తాతలు చెప్పులు కుట్టిండ్రు, డప్పు కొట్టిండ్రు, చచ్చిన గొడ్డును మోసిండ్రు. కొలువులో మెరిసిన వ్యాకరణం మాదిగవాడ దాకా నడిచి రాలేదు. అందుకే మా చరిత్రను నేను ఒక వ్యాకరణ పాఠం నుంచి చెప్పదలుచుకున్న.

సంస్థానమంటేనే ఒక షరతు. నిజాంకు పేష్కష్ కడితే రాజ్యం రాజుది. రాజుకు శిస్తు కడితే భూమి రైతుది. మా వాటాకొచ్చిన షరతు ఒక్కటే: వెట్టి చేస్తే గింజలు. 1949లో జాగీర్ల రద్దుతో సంస్థానాలు పోయినయి. 'చేస్తే' మాత్రం మా ఇంట్ల మిగిలింది. మా నాయిన పటేలు దగ్గర జీతముండె. పెండ్లికి తెచ్చిన అప్పు. 'అప్పు తీరిస్తే పో, నిన్నెవడు పట్టుకున్నడు?' అని పటేలు ప్రతి ఉగాదికీ అంటుండె. ఏడాది జీతం వడ్డీకే చాలకపాయె.

1980లలో నేను వనపర్తిలో సర్కారు హాస్టల్‌ల ఉండి ఇంటర్ చదివిన. పదో తరగతి దాకా తెలుగు మీడియమే. 'ఇఫ్' పాఠం వచ్చినప్పుడు సారు గైడు చూసి సూత్రాలు బోర్డు మీద ఎక్కించి పోయిండు. హాస్టల్‌ల నాగర్‌కర్నూల్ దిక్కు నుంచి వచ్చిన ఒక సీనియరన్న ఉండె. రాత్రి కూసోబెట్టి, 'తమ్మీ, సూత్రం ఇడిసిపెట్టు, మన బతుకు పెట్టి చూడు' అన్నడు.

మొదటిది, జరగడానికి వీలున్నది. 'ఇఫ్ ఇట్ రెయిన్స్, వుయ్ విల్ సో.' వానొస్తే విత్తుతం. రావచ్చు, రాకపోవచ్చు, తలుపు మాత్రం తెరిచే ఉన్నది. 'ఇఫ్' పక్కన 'విల్' పెట్టొద్దు, అది రెండో ముక్కల రావాలె.

రెండోది, ఇప్పుడు లేనిదాన్ని ఉన్నట్టు ఊహించేది. 'ఇఫ్ వుయ్ హ్యాడ్ ల్యాండ్, వుయ్ వుడ్ నాట్ మైగ్రేట్.' మాకు భూముంటే వలస పోము. 'హ్యాడ్' అన్నంత మాత్రాన ఇది గడిచిన ముచ్చట కాదు. ఈ రోజు భూమి లేదని ఆ మాటే చెప్తది.

మూడోది, దాటిపోయింది. 'ఇఫ్ మై ఫాదర్ హ్యాడ్ స్టడీడ్, హి వుడ్ హావ్ రెడ్ దట్ పేపర్.' నాయిన చదువుకొని ఉంటే ఆ కాయితం చదివేటోడు. ఇక మార్చలేం.

మూడోదానికి మన తెలుగులో 'ఉండి ఉంటే' ఉన్నది. మొదటి రెండింటికీ మాత్రం ఒకటే 'తే'. వానొస్తే అన్నా, భూముంటే అన్నా చెవికి ఒకే తీరు. అయ్యేదేదో, కానిదేదో సందర్భాన్ని బట్టి మనమే తెలుసుకోవాలె. పటేలు దాక్కున్నది ఆ సందులనే. 'అప్పు తీరిస్తే పో' అన్నది వినడానికి మొదటి రకం. వడ్డీ లెక్క తీస్తే అది రెండో రకం. తలుపు తెరిచినట్టు గోడ మీద బొమ్మ గీసిండు.

ఆ అన్ననే నాకు వెట్టిచాకిరి రద్దు చట్టం ఇంగ్లీషు ప్రతి చూపిండు. 1976 నాటి చట్టం, 1975 అక్టోబరు 25 నుంచే అమలు. వెట్టి కూలీ విడుదలైనట్టేనని 4వ సెక్షన్, వెట్టి అప్పు తీర్చే బాధ్యత రద్దయినట్టేనని 6వ సెక్షన్. అప్పు తీరిస్తే అన్న షరతు అక్కడ లేదు. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది, 23వది వెట్టిని నిషేధించింది. వాటిల్లోనూ దొర దయతలిస్తే అన్న మాట లేదు. చట్టమొచ్చి ఏండ్లు గడిచినా మా నాయిన జీతంలనే ఉండె. ఊర్ల ఎవరూ చదివి చెప్పలేదు. మరుసటి ఉగాదికి నాయిన జీతానికి పోలేదు. గుంపు మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకొని కాలువ పనికి వలస పోయిండు. అక్కడ ఇంకో 'అయితే' కాచుకొని ఉన్నది: సీజన్ దాకా ఉంటే లెక్క చూస్త. చట్టం సంకెల తెంపింది గాని చేతికి భూమి ఇయ్యలేదు.

ఇంకో సంగతి తర్వాత తెలిసింది. దేశమంతటా ఇంగ్లీషు పాఠ్యపుస్తకాలు అచ్చేసిన ఓరియంట్ లాంగ్‌మన్ కంపెనీ 1960ల చివర్లో వనపర్తి రాజా జె. రామేశ్వరరావు చేతికొచ్చింది. సంస్థానం పోయినా రాజులకు అచ్చుయంత్రం, ఇంగ్లీషు దక్కినయి. మాకు వేలిముద్ర దక్కింది. 2011 జనాభా లెక్కల్లో పాత మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత దాదాపు 55 శాతం, ఉమ్మడి రాష్ట్రంలనే అడుగున. 2016లో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడూ వేరు జిల్లాలైనయి. బోర్డులు మారినయి.

కొందరంటరు, 'ఉండి ఉంటే' అని ఎన్నాళ్లు ఏడుస్తరని. అది ఏడుపు వాక్యం కాదు, లెక్కడిగే వాక్యం. మా నాయినను బడికి పంపి ఉంటే అన్నప్పుడు, పంపనిది ఎవరు అన్న ప్రశ్న దాన్లనే ఉన్నది. తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, ఇంగ్లీషు నేర్వుండ్రి, ఇంటర్వ్యూ కోసమే కాదు. రేపు మీ చేతికి భూమి కాయితమొస్తది, ఉద్యోగం ఆర్డరొస్తది, పథకం జీవో వస్తది. సంతకం పెట్టే ముందు దాన్ల 'ఇఫ్' ఎక్కడుందో వెతకుండ్రి. అది వానలాంటిదా, గోడ మీది తలుపులాంటిదా అడుగుండ్రి. మా నాయిన తరఫున అడిగేటోడు లేకుండె.