సారా ప్యాకెట్టు నుంచి మసాలా ప్యాకెట్టు దాకా



మన పొదుపు సంఘాల చరిత్రలో ఒక ప్లాస్టిక్ ప్యాకెట్టు ఉంది. 1980 దశకంలో మన రాష్ట్రంలో సారాను ప్లాస్టిక్ ప్యాకెట్లలో పోసి ఊరూరికీ పంపేవాళ్ళు. జేబులో పడుతుంది, చిల్లర డబ్బులకే వస్తుంది. కూలి డబ్బులు ఇల్లు చేరకముందే అయిపోయేవి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ గారూ, ఆ ఊరి ఆడవాళ్ళూ సారా మీద తిరగబడ్డారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఆ తర్వాతే నెల్లూరు జిల్లాలో రోజుకో రూపాయి దాచుకునే పొదుపులక్ష్మి సంఘాలు లేచాయి. మనం ఆ దారిలో వచ్చినవాళ్ళమే.

సారా ప్యాకెట్టు పోయింది గానీ, చిన్న ప్యాకెట్టు పోలేదు. తమిళనాడులోని కడలూరులో చిన్నికృష్ణన్ అనే ఆయన, కూలి చేసుకునేవాళ్ళు కూడా కొనుక్కోగలగాలని వస్తువులను చిన్న ప్యాకెట్లలో అమ్మారు. ఆయన కొడుకు రంగనాథన్ 1983లో చిక్ షాంపూ వ్యాపారం మొదలుపెట్టారు. సీసా కొనలేని మనలాంటి ఇళ్ళకు షాంపూ అలాగే వచ్చింది. దాంట్లో మేలు లేదనలేం. తర్వాత టీపొడి, చిప్స్, మసాలా అన్నీ ప్యాకెట్లయ్యాయి.

పాల ప్యాకెట్లు కడిగి ఆరబెట్టి ఇస్తే మా ఊరికొచ్చే పాతసామాన్లాయన కిలో లెక్కన తీసుకుంటాడు. చిప్స్, మసాలా ప్యాకెట్లు బస్తాడు ఇచ్చినా వద్దమ్మా అంటాడు. నేను ఆయనదే తప్పనుకునేదాన్ని. విషయం వేరే ఉంది. పాల ప్యాకెట్టు మొత్తం ఒకటే రకం ప్లాస్టిక్, పాలిథీన్. కరిగించి గుళికలు చేసి, పైపులకూ కవర్లకూ మళ్ళీ వాడతారు. మసాలా ప్యాకెట్టులో పైన పాలిస్టర్, మధ్యలో వెండి రంగు అల్యూమినియం పొర, లోపల పాలిథీన్. మూడూ అతికించి ఉంటాయి. ఒకటి కరిగే వేడికి ఇంకొకటి కరగదు. పొరలు విడదీసే ఖర్చు ఎవరూ పెట్టుకోరు. అందుకే అవి కాలవలోకి, చెత్తకుప్పలోకి, పశువుల కడుపులోకి పోతున్నాయి.

రీసైకిల్ కాని పొరల ప్యాకెట్లను రెండేళ్ళలో ఆపేయాలని కేంద్రం 2016లో నియమం పెట్టింది. 2018లో దాన్ని సడలించింది. కాల్చి వేడి తీయడానికో, ఇంకో వాడకానికో పనికొస్తే ఉండొచ్చంది. 2022లో, ప్యాకెట్లు అమ్మే కంపెనీలే వాటిని వెనక్కి సేకరించే బాధ్యత ఎంతెంతో లెక్క కట్టింది. ఇప్పుడు కొన్ని కంపెనీలు పొరలన్నీ ఒకే రకం ప్లాస్టిక్‌తో చేస్తున్నాయి. అంటే ప్యాకెట్టు తిరిగి పనికొస్తుందా లేదా అనేది మనం పారేసేటప్పుడు కాదు, వాళ్ళు తయారుచేసేటప్పుడే తేలిపోతుంది.

ఇక్కడ నాకు సిగ్గనిపించే మాట ఒకటి చెప్పాలి. మన కారప్పొడి యూనిట్ కూడా తయారుచేసేదే కదా! మనం వాడేదీ వెండి కవరే. మొన్న బడి పక్క కాలవ తీయిస్తే మన సంఘం పేరున్న ప్యాకెట్లే పైకి తేలాయి. మా పాప చదివి, "అమ్మా, ఇది మీదే" అంది.

నేను అడిగేది ఇదీ. పక్క ఊళ్ళలో నెల లోపల అమ్ముడుపోయే కారాన్ని మందపాటి ఒకే రకం పాలిథీన్ కవర్లో పెడదాం. వాసన తొందరగా తగ్గుతుంది, నిజమే. అందుకని కొద్దికొద్దిగా పట్టిద్దాం. సభ్యుల ఇళ్ళకైతే డబ్బా తెచ్చుకుంటే కొలిచి పోద్దాం. దూరం పంపే సరుకుకి మాత్రం ఒకే రకం ప్లాస్టిక్ పొరల కవరు ధర కనుక్కుందాం. దుకాణాల వాళ్ళు మెరుపు లేదంటారు, కొంత అమ్మకం తగ్గొచ్చు కూడా. ఆ నష్టం ఎంతవరకు భరించగలమో వచ్చే సమాఖ్య సమావేశంలో లెక్కలు ముందు పెట్టుకుని తేల్చుకుందాం.

మన అమ్మలు ఒక ప్యాకెట్టును ఊర్లోంచి పంపించారు. ఈ ప్యాకెట్టు మీద మన పేరే ఉంది.