హోటల్ కొలువులో తొలి ఏడాది

తెలుగువారి వాడుకలో ఇడ్లీ అమ్మే కొట్టూ హోటలే, నక్షత్రాల వసతిగృహమూ హోటలే. ఇక్కడ చెప్పబోయేది రెండవదానిని గురించి. ఈ పరిశ్రమలో కొత్తగా చేరినవారు తొలి మాసాలలోనే మానివేయడం చిరకాల సమస్య. అందుకు ముఖ్య కారణం పనివేళలు. పొద్దున కొన్ని గంటలు, మధ్యాహ్నం విరామం, మళ్లీ రాత్రి కొన్ని గంటలు సాగే ‘బ్రేక్ షిఫ్ట్’ వలన దినమంతా హోటల్‌లోనే గడచిపోతుంది. అందరికీ సెలవు దొరికే పండుగనాడు అక్కడ రద్దీ. సరిహద్దు పల్లెను విడిచి, పరభాషలో అతిథిని పలకరించవలసిన పద్దెనిమిదేళ్ల పిల్లవానికి జీతం తక్కువన్న చింతకంటె ఒంటరితనమే పెద్ద బాధ.

కొత్తవారిని నిలుపుకొనడంలో తాజ్ హోటళ్ల పద్ధతిని తరచు ఉదాహరణగా చెబుతారు. 2011లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో రోహిత్ దేశ్‌పాండే, అంజలి రైనా దీనిని వివరించారు. వారి వర్ణన ప్రకారం ఆ సంస్థ మహానగరాలకంటె చిన్న పట్టణాల యువతను ఎక్కువగా ఎంచుకొనేది. పెద్దలపట్ల మర్యాద, ఉల్లాస స్వభావం, కుటుంబపు అవసరం చూసేది. ఇతరులు 12 నెలలు శిక్షణ ఇస్తే అక్కడ 18 నెలలు. ఆ కాలమంతా అద్దెలేని వసతి, ఉచిత భోజనం, భృతి. భృతిలో అధికభాగాన్ని పిల్లలు ఇంటికే పంపేవారట! 2001లో మొదలైన ‘స్టార్స్’ పథకం కింద అతిథులు, తోటివారు మెచ్చిన పనికి వెంటనే గుర్తింపు లభించేది. 2008 నవంబరు 26న ముంబయి తాజ్‌పై దాడి జరిగినపుడు, తప్పించుకొనే దారులు తెలిసి కూడ సిబ్బంది అతిథులను విడిచిపోలేదు.

అన్ని హోటళ్లూ అటువంటివి కావు. కనుక పిల్లలను పంపే ముందు తల్లిదండ్రులు అడిగి తెలుసుకొనవలసినవి కొన్ని ఉన్నాయి. 20 మంది, అంతకు మించి పనిచేసేచోట భవిష్యనిధి వర్తిస్తుంది. సాధారణంగా 10 మంది ఉన్నచోట, నెలకు రూ. 21,000 వరకు జీతం గలవారికి ఇ.ఎస్.ఐ. వైద్యం లభిస్తుంది. భవిష్యనిధి యు.ఎ.ఎన్. సంఖ్య జీవితాంతం ఒక్కటే. బళ్లారిలో చేరినవాడు చెన్నైకి మారినా పాత సంఖ్యనే ఇవ్వాలి, లేనిచో డబ్బు రెండు ఖాతాలలో చిక్కుకొంటుంది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కార్మిక స్మృతులు నియామక పత్రాన్ని తప్పనిసరి చేశాయి. నిర్ణీత కాలపు ఉద్యోగికి ఏడాది సేవతోనే గ్రాట్యుటీ హక్కు కల్పించాయి. పనివాడు మానిపోకుండా అసలు సర్టిఫికెట్లను తమవద్ద ఉంచుకొనే యజమానులూ లేకపోలేదు. అటువంటిచోట నకళ్లు మాత్రమే ఇచ్చి, అసలువి ఇంటి పెట్టెలోనే దాచడం మేలు.